జాతి దుఃఖము పాటయైన వేళ

దేశమునకు ఆపద కలిగినపుడు కవులు పాటలు వ్రాయుదురు. ఆ రోజులలో పుట్టిన పాటలలో అధికభాగము ఆ రోజులతోనే మాసిపోవును. ఏ ఒకటి రెండో తరములు దాటి నిలుచును. ఈ భేదమునకు కారణమేమి?

వార్షికోత్సవమునకై అమరవీరులపై ఒక పాట వ్రాసి మా విద్యార్థి యొకడు మాకు చూపినాడు. ఇరువది పంక్తులలో పదునెనిమిది శత్రువును తిట్టుటకే సరిపోయినవి. “ఇందులో చనిపోయినవారు ఎక్కడ ఉన్నారు నాయనా?” అని అడిగితిమి. అతడు కాగితము వంక చూచి ఊరకున్నాడు. అతని కొరకును, అతని వంటి మిత్రుల కొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1962 అక్టోబరు 20న చైనా సేనలు లడఖ్‌లోను, ఈశాన్య సరిహద్దులోను ఒకేసారి దాడి చేసినవి. నవంబరు 21న కాల్పులు ఆగునాటికి మన సైనికులు వెయ్యిమందికి పైగా మరణించిరి. నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా వద్ద మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వమున పోరాడిన కుమావూ దళములో నూరుమందికి పైగా నేలకొరిగినారు. ఓటమి వలని అవమానము ఒకవైపు, కడసారి చూపునకు నోచుకోని కుటుంబముల శోకము మరొకవైపు దేశమును క్రుంగదీసినవి.

అట్టి సమయమున సైనికుల సహాయార్థము ఢిల్లీ నేషనల్ స్టేడియములో బొంబాయి చలనచిత్ర కళాకారులు ఒక సంగీత సభను తలపెట్టినారు. అందుకై పాట వ్రాయు భారము కవి ప్రదీప్‌పై పడినది. మాహిం సముద్రతీరమున నడచుచుండగా తొలి మాటలు తోచినవనియు, దగ్గర కాగితము లేక సిగరెట్టు పెట్టెలోని రేకుపై వ్రాసికొన్నారనియు ప్రసిద్ధి. అదియే ‘ఏ మేరే వతన్ కే లోగో’.

ఈ పాటలో మొదట గమనింపవలసినది సంబోధన. కవి శత్రువుతో మాట్లాడలేదు. పాట మొత్తములో శత్రుదేశము పేరైనను లేదు. కవి మాట్లాడినది బ్రతికియున్న దేశప్రజలతో. మీ ఇండ్లలో పండుగ దీపములు వెలుగుచుండగా అక్కడ వారు నెత్తురుతో వసంతమాడినారని గుర్తుచేసినారు. ఆ సంవత్సరము దీపావళి యుద్ధము నడుమనే వచ్చినది. కనుక ఆ మాట విన్న ప్రతివాడును తాను ఆనాడు ఏమి చేయుచుండెనో తలచుకొనక తప్పదు. ఇది అలంకారము కాదు, సాక్ష్యము. తరువాత సిక్కు, జాట్, మరాఠా, గూర్ఖా, మద్రాసీ అని పేర్కొని, మరణించిన ప్రతివాడును భారతీయుడే అని ముగించినారు. ఆ రోజులలో ఉత్తరాదివారి నోట ‘మద్రాసీ’ అనగా దక్షిణాదివాడు. ఆ మాటలో మన తెలుగువాడును ఉన్నాడు.

ఇక సంగీతము. సి. రామచంద్ర కూర్చిన ఈ వరుస కవాతు నడక కాదు. తాళము లేని సంబోధనతో మెల్లగా మొదలై, కథ చెప్పు ధోరణిలో సాగి, చివర బృందగానముతో కలియును. 78 చుట్ల రికార్డు ఒక ప్రక్కన మూడు, మూడున్నర నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. ఈ గీతము ఆరు నిమిషములు దాటును. శోకమునకు వ్యవధి కావలెనని ఎరిగి దానిని కుదింపలేదు. పునశ్చరణకు సమయము చాలదని లతా మంగేష్కర్ మొదట సంకోచించినను, 1963 జనవరి 27న రాష్ట్రపతి రాధాకృష్ణన్, ప్రధాని నెహ్రూల సమక్షమున పాడినారు. నెహ్రూ కంట నీరు పెట్టుకొన్నారని ఆమె పలుమార్లు చెప్పినారు. వ్రాసిన కవికి మాత్రము ఆ సభకు ఆహ్వానము అందలేదు. ఆ వేళకు రెజాంగ్ లా వీరుల దేహములు ఇంకను మంచులోనే ఉన్నవి. అవి బయటపడినది ఫిబ్రవరిలో.

మరుసటి యేడు, 1964లో, ‘హకీకత్’ చిత్రమునకు కైఫీ ఆజ్మీ వ్రాసిన గీతము ఇదే యుద్ధమును మరొక దిక్కునుండి చూచినది. మదన్ మోహన్ స్వరరచనలో మహమ్మద్ రఫీ పాడిన ఆ పాటలో మాట్లాడునది మరణించుచున్న సైనికుడే. ప్రదీప్ గీతము బ్రతికినవాని ఋణమును చెప్పగా, కైఫీ గీతము పోవువాని అప్పగింతను చెప్పుచున్నది. ఉర్దూ విద్యార్థులకు ఇందులో మర్సియా ఛాయ కనబడును. అనీస్, దబీర్ల మర్సియాలలోను శ్రోత కంటతడికి కారణము తిట్లు కావు. దాహము, వీడ్కోలు, ఖాళీయైన డేరా. మన పల్లెలలో మొహర్రం నాడు హిందువులు, ముస్లిములు కలిసి తెలుగున పాడు పీర్ల పాటలును ఈ త్రోవవే.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఈ గీతము వలన వచ్చు రాబడి యుద్ధములో భర్తలను కోల్పోయిన స్త్రీలకు చెందవలెనని ప్రదీప్ కోరినారు. ఆ కోరిక తనంత తాను నెరవేరలేదు. విషయము న్యాయస్థానమునకు చేరి, 2005లో బొంబాయి హైకోర్టు 10 లక్షల రూపాయలు ఆ నిధికి చెల్లింపవలసినదిగా రికార్డు సంస్థను ఆదేశించినది. నలుబది రెండు సంవత్సరములు దేశము ఆ పాట విని కన్నీరు కార్చుచునే ఉన్నది. విని ఏడ్చుట సులభము, ఏడ్పించిన మాటను చెల్లించుట కష్టము. ఇతరుల దుఃఖమును పాటగా వ్రాయువాడు ఒక అప్పు చేయుచున్నాడని మా అభిప్రాయము.

ఆ విద్యార్థి తన పాటను తిరిగి వ్రాసి తెచ్చినాడు. ఇప్పుడందు శత్రువు లేడు. సెలవుపై వచ్చి వెళ్లిన అన్న, దండెముపై మిగిలిపోయిన అతని చొక్కా, దానిని మడువలేని తల్లి ఉన్నారు. పాట ఇంకను పూర్తికాలేదు. తొందరలేదని చెప్పినాము.