సొరుగులో సర్పం.. సరదాకు సంకెళ్లు

* చవక ర్యాక్‌ గూళ్లు ఇక్కడి పాములకు పనికిరావు
* పట్టి ఉంచితే ఏడేళ్ల వరకు జైలు
* ఇరులర్ల మట్టికుండలు నేర్పే పాఠం వేరు

ఆత్మకూరు: నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు ప్రాంతంలో పాము కనిపించడం వింతేమీ కాదు. వేసవిలో చల్లదనం కోసం, వానాకాలంలో పుట్టల్లోకి నీరు చేరినప్పుడు, కోతల వేళ ఎలుకల వెంట అవి పొలాల నుంచి గడ్డివాములకు, అక్కడి నుంచి ఇళ్లలోకి వస్తుంటాయి. ఒకప్పుడు పాము కనిపిస్తే కర్ర కోసం వెతికేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌ తీసేవారూ ఉన్నారు. పట్టి డబ్బాలో పెట్టి పెంచాలని ఉబలాటపడే యువకులూ లేకపోలేదు. అమెరికా, ఐరోపా దేశాల్లో వరుస అరల్లో పదుల కొద్దీ పాములను పెంచే దృశ్యాలను అంతర్జాలంలో చూసి, తక్కువ ఖర్చుతో అలాంటి గూడు ఎలా కట్టుకోవాలోనని వారు ఆరా తీస్తుంటారు. నిజానికి ఆ గూడు కట్టడం కష్టమేమీ కాదు. అయితే మన పొలాల్లో, ఇళ్లలో దొరికే పాముల్లో ఒక్కదాన్నైనా అందులో పెట్టడానికి చట్టమూ ఒప్పదు, ఇక్కడి ఎండా ఒప్పదు.

ర్యాక్‌ అంటే..

పాముల పెంపకందారులు వాడే ర్యాక్‌ చూడటానికి సొరుగుల బీరువాలా ఉంటుంది. అరల మధ్య మూతలు లేని ప్లాస్టిక్‌ టబ్బులు జారుతూ ఉంటాయి. పై అర అడుగుభాగమే కింది టబ్బుకు మూత. ఒక్కో టబ్బులో ఒక్కో పాము. అడుగున పాత వార్తాపత్రికలు పరుస్తారు. ఒక మూల నీళ్ల గిన్నె, మరో మూల దాక్కోవడానికి చిన్న గూడు ఉంచుతారు. గాజు తొట్లతో పోలిస్తే ఖర్చు, స్థలం రెండూ కలిసివస్తాయి. శుభ్రం చేయడమూ సులువే. అందుకే వ్యాపార సరళిలో పిల్లలు చేయించేవారు ఈ పద్ధతికి మొగ్గు చూపుతారు.

ఇందులో పెంచేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఆఫ్రికాకు చెందిన బాల్‌ పైథాన్‌. మరొకటి అమెరికాకు చెందిన కార్న్‌ స్నేక్‌. రెండూ విషం లేనివే. తరతరాలుగా మనుషుల చేతుల్లోనే పుట్టి పెరుగుతున్నవి. చీకటి, ఇరుకు చోట ముడుచుకుని ఉండే అలవాటున్న బాల్‌ పైథాన్‌కు ఈ గూడు సరిపోతుందని పెంపకందారులు వాదిస్తారు. పాము శరీరాన్ని పూర్తిగా చాచుకునే వీలు ఉండాలని, ఇరుకు టబ్బులో జీవితాంతం ఉంచడం సరికాదని పశు సంక్షేమ సంస్థలు అభ్యంతరం చెబుతున్నాయి. బ్రిటన్‌లోని ఆర్‌ఎస్‌పీసీఏ సైతం పాము నిడివికి తగ్గ గూడే ఉండాలని సూచిస్తోంది.

ఎలా కడతారు?

ముందు టబ్బు కొనాలి, తర్వాతే అరలు కొలవాలి. ఇది తెలియక తలకిందులుగా చేసేవారే ఎక్కువ. పెద్ద బాల్‌ పైథాన్‌కు సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు గల టబ్బు వాడుతుంటారు. 18 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్‌ లేదా మెలమైన్‌ పలకలతో అరలు కోయించి, టబ్బు అంచుకు, పై అరకు మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఎడమే మిగిలేలా బిగిస్తారు. అంతకు మించి సందు ఉంటే పిల్ల పాము తల దూరుతుంది. తల దూరితే ఒళ్లు మొత్తం దూరినట్లే. గాలి ఆడేందుకు టబ్బు పక్కలకు వేడి చేసిన కడ్డీతో రంధ్రాలు పెడతారు. వాటి అంచులు గరుకుగా ఉంటే పాము మూతి గీసుకుపోతుంది కనుక రంధ్రాన్ని లోపలి నుంచి బయటకు పొడుస్తారు. ముందు వైపు గడియ తప్పనిసరి.

పాము తన ఒంటి వేడిని తాను తయారుచేసుకోలేదు. వెచ్చదనం కావాలంటే వెచ్చని చోటుకు, చల్లదనం కావాలంటే చల్లని చోటుకు కదలాల్సిందే. అందుకే ర్యాక్‌ వెనుక భాగంలో టబ్బు పొడవులో మూడో వంతు మేర విద్యుత్‌ వేడి పట్టీ అమరుస్తారు. బాల్‌ పైథాన్‌కు వెనుకవైపు 31 నుంచి 33 డిగ్రీలు, ముందువైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండేలా చూస్తారు.

పొదుపు చేయరానిది ఒక్కటే

చెక్క, టబ్బులు, పట్టీ.. వీటిలో ఎంతైనా చవక చూసుకోవచ్చు. పొదుపు చేయరానిది థర్మోస్టాట్‌ ఒక్కటే. నిర్ణీత వేడి రాగానే విద్యుత్‌ను ఆపే ఈ పరికరం లేకుండా పట్టీని నేరుగా ప్లగ్గుకు తగిలిస్తే అది 50 డిగ్రీలు దాటి కాలుతుంది. పాములు కడుపు కాలి పుండ్లు పడటానికి ఇదే ప్రధాన కారణం. చెక్క అరలకు మంటలు అంటుకునే ముప్పూ లేకపోలేదు. కరెంటు పోయి వస్తూ హెచ్చుతగ్గులకు గురయ్యే చోట ఈ ముప్పు మరింత ఎక్కువ.

మన ఎండకు అది కొలిమే

ఈ గూడు చలి దేశాల అవసరం కోసం పుట్టింది. గదిలో చలిని తట్టుకునేలా పాముకు వేడి అందించడమే దాని లక్ష్యం. నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లో సమస్య అందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ వేసవిలో పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేళ మూసిన ప్లాస్టిక్‌ డబ్బా లోపల వేడి ఇంకా ఎక్కువే. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరితే చాలా జాతుల పాములు బతకడం కష్టం. బయట ఉన్న పాము ఆ వేళకు పుట్టలోకో, బండ కిందకో, బావి గట్టు సందులోకో చేరుతుంది. డబ్బాలోని పాముకు ఆ దారి లేదు. గంటల వ్యవధిలోనే అది చనిపోవచ్చు.

ఎండ బారి నుంచి కాపాడినా ఇక్కడి పాములు బందీగా నిలవవు. జెర్రిపోతు ఆరేడు అడుగుల వరకు పెరిగి రోజంతా తిరిగే పాము. టబ్బులో పెడితే మూతిని గోడకు రాసి రాసి పుండు చేసుకుంటుంది. అడవి నుంచి తెచ్చిన పాములు తరచూ ఆహారం ముట్టవు. ఇక రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఒక్కో ఈతలో 20 నుంచి 40 పిల్లలు పుట్టడం మామూలే. పుట్టిన క్షణం నుంచే వాటికి విషం ఉంటుంది. సాయంత్రం ఒక పామును డబ్బాలో పెట్టినవారు తెల్లవారేసరికి 30 పాములను చూడాల్సి రావచ్చు. గాలి కోసం పెట్టిన రంధ్రాలు ఆ పిల్లలకు గుమ్మాలవుతాయి.

చట్టం ఏమంటోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. చంపడమే కాదు, పట్టుకోవడం, పట్టేందుకు ప్రయత్నించడం కూడా ఈ చట్టం దృష్టిలో వేటే. 2022లో చేసిన సవరణలు 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దీంతో నాగుపాము, రక్తపింజరి, కొండచిలువలతో పాటు రైతు పొలంలో నిత్యం కనిపించే జెర్రిపోతు కూడా అత్యంత రక్షణ గల షెడ్యూల్‌-1లో ఉంది. ఈ జాతులను వేటాడినట్లు రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా విధిస్తారు. ఇతర జాతుల విషయంలోనూ 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే వీలుంది. ‘పొలంలో దొరికింది, హాని చేయలేదు, పాలు పోసి పెంచుతున్నాం’ అన్న సమాధానం చెల్లదు. పైగా పాము పాలు తాగి బతకదు. దాహం తట్టుకోలేక తాగినా అది అరగదు.

రెండు తలల పాముగా పిలిచే పూడుపామును ఇంట్లో ఉంచుకుంటే ధనం కలిసివస్తుందన్న మూఢనమ్మకం మోసగాళ్లకు పెట్టుబడిగా మారింది. దాని తోక మొద్దుగా తలలా కనిపించడం తప్ప రెండో తల ఉండదు. లక్షల ఆశతో దాన్ని కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ కేసుల పాలవుతున్నారు.

విదేశీ పాములైతే..

బాల్‌ పైథాన్‌ వంటి విదేశీ జాతులపై అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం ‘సైటిస్‌’ నియంత్రణ ఉంది. ఆ జాబితాలోని జీవులను ఉంచుకునేవారు వివరాలు నమోదు చేయించుకోవాలని 2022 సవరణ చెబుతోంది. ఇందుకు సంబంధించిన నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. పరివేష్‌ పోర్టల్‌ ద్వారా రాష్ట్ర చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలపాల్సిందే. కాగితాలు లేకుండా చేతులు మారే పామును చవకగా కొంటే, ఆ తర్వాత ఎంత మంచి గూడు కట్టినా ప్రయోజనం ఉండదు.

ఇరులర్ల కుండ

చట్టానికి లోబడి, అతి తక్కువ ఖర్చుతో పాములను ఉంచే చోటు పొరుగున తమిళనాడులో ఉంది. చెన్నైకి దక్షిణాన తీరం వెంట ఉన్న వడనెమ్మేలిలో ఇరుల తెగవారి పాములు పట్టేవారి సహకార సంఘం 1978 నుంచి పనిచేస్తోంది. పాము చర్మాల వ్యాపారం నిషేధంతో మూతపడి ఉపాధి కోల్పోయిన ఇరులర్లకు, సరీసృపాల నిపుణుడు రోములస్‌ విటేకర్‌ చొరవతో ఈ సంఘం ఆసరాగా నిలిచింది. ప్రాణరక్షక మందుల కోసం విషం సేకరించేందుకు చట్టం కల్పించిన వెసులుబాటు కింద, అటవీశాఖ అనుమతితో వారు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి జాతులను పడతారు.

అక్కడ ప్లాస్టిక్‌ టబ్బులు, వేడి పట్టీలు కనిపించవు. మట్టికుండలో కొంత మేర ఇసుక పోసి, పామును వదిలి, మూతికి నూలుగుడ్డ కడతారు. అంతే. కుండలో చీకటి ఉంటుంది కనుక పాము బెదరదు. గుడ్డ గుండా గాలి ఆడుతుంది. మట్టి గోడకు తడి తగిలితే అది ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. వేసవిలో మన ఇళ్లలో కడవ నీళ్లు చల్లబడేది ఈ సూత్రంతోనే. అన్నిటికీ మించి ఆ కుండ శాశ్వత నివాసం కాదు. సుమారు నెల రోజులలోపు నాలుగు సార్లు విషం తీసి, పొట్ట పొలుసుపై గుర్తు పెట్టి, పామును తిరిగి వదిలేస్తారు. ఆ విషమే హైదరాబాద్‌ సహా పలుచోట్ల ఉన్న మందుల సంస్థల్లో పాముకాటుకు విరుగుడుగా మారుతుంది. ఈ తెగకు చెందిన వడివేల్‌ గోపాల్‌, మాసి సడైయన్‌లకు 2023లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది.

అనుమతి లేనివారు ఇంట్లో కుండ పెట్టినా నేరమే. అయితే పామును ఉంచాల్సి వస్తే చల్లగా, చీకటిగా, కొద్దికాలం మాత్రమే ఉంచాలన్నది ఆ కుండ చెప్పే పాఠం.

ఇంట్లోకి పాము వస్తే..

* పామును కదిలించకుండా దూరం నుంచి కనిపెట్టి ఉండాలి. పిల్లలను, పశువులను దూరంగా పంపి అటవీశాఖ సిబ్బందికి సమాచారం ఇవ్వాలి. ఆత్మకూరు అటవీ డివిజన్‌ నాగార్జునసాగర్‌- శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలో ఉన్నందున స్థానికంగానే సిబ్బంది అందుబాటులో ఉంటారు.

* పట్టడం శిక్షణ పొందినవారి పని. వారు నూలు సంచిలోకి పంపి మూతి కట్టి, ఆ సంచిని రంధ్రాలున్న గట్టి డబ్బాలో నీడన ఉంచుతారు. డబ్బాపై పాము పేరు, పట్టిన చోటు, వేళ రాస్తారు. మేత, పాలు పెట్టరు.

* దూరంగా అడవిలో వదిలితే మేలు చేసినట్లు కాదు. పాముకు తన నెలవులోని బొరియలు, నీటి చోట్లు తెలుసు. కొత్త చోట అది దిక్కుతోచక తిరిగి చనిపోయే ప్రమాదం ఎక్కువ. పట్టిన చోటికి దగ్గరలో, జనం లేని తావులో వదలాలి.

* కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చేయరాదు. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా 108 వాహనంలో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తరలించాలి. పామును పట్టి వెంట తీసుకెళ్లనక్కర్లేదు.

అంకెలు చెప్పే ఆపద

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించినట్లు 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రాంతమూ ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మరణించేవారిలో అత్యధికులు పల్లెవాసులే. కట్లపాము కాటు చాలాసార్లు నేలపై నిద్రించేవారికే పడుతుంది. అలాంటి పాములను కోరి ఇంట్లోకి తెచ్చుకుంటే ఆ ముప్పు కుటుంబమంతటికీ చుట్టుకుంటుంది.

పాములపై ఆసక్తి తప్పు కాదు. శ్రీశైలం సమీపంలోని సున్నిపెంటలో అటవీశాఖకు జీవవైవిధ్య పరిశోధన కేంద్రం ఉంది. నల్లమల జీవజాతుల నమూనాలను అక్కడ భద్రపరిచారు. చూడదలచిన విద్యార్థులు ముందుగా అటవీ అధికారులను సంప్రదించాలి. ర్యాక్‌ కోసం తెచ్చిన ప్లైవుడ్‌ ఉంటే దానితో ధాన్యపు గదికి ఎలుకలు దూరని తలుపు చేయించుకోవచ్చు. ఎలుక రాని ఇంటికి పాము కూడా అరుదుగానే వస్తుంది.