రేడియో గొంతు ఎందుకు తగ్గింది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వైపు వెళ్తుంటే రోడ్డుకు కుడిచేతి వైపున సరూర్‌నగర్ వస్తుంది. ఒకప్పుడు హైదరాబాదు రేడియో ప్రసారిణి ఉన్న చోటు అదే. నిజాం ప్రభుత్వం 1935లో చేపట్టిన దక్కన్ రేడియో శక్తి 200 వాట్లు మాత్రమే. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ప్రసారిణి పని మొదలుపెట్టింది. అంటే శక్తి ఒక్కసారిగా 25 రెట్లు పెరిగింది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది.

రేడియో తరంగాలు పుట్టిన ఆ చుట్టుపక్కల ఇళ్ళలోనే ఈనాడు పాత రేడియో పెడితే బుసబుస తప్ప ఏమీ వినిపించని సందర్భాలున్నాయి. దీపం కిందే చీకటి అన్నమాట! అలాంటప్పుడు చాలామంది రేడియో పాతబడిపోయిందని పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేస్తారు. మరికొందరు వెనక మూత విప్పి, లోపల కనిపించిన మరలన్నీ తిప్పేస్తారు. రెండూ తొందరపాటు పనులే. వైద్యుడు ముందు నాడి చూసి తరవాత మందిస్తాడు. రేడియోకైనా అదే పద్ధతి.

రోగం బయటా, లోపలా?

మొదట తేల్చుకోవలసిన విషయం ఇది. హైదరాబాదు ‘ఏ’ కేంద్రాన్ని మన ఇళ్ళలో దశాబ్దాలపాటు 738 కిలోహెర్ట్జ్ మీద విన్నారు. మీ తాతగారి రేడియో డయలు మీద ‘కె.సి.’ అని ఉంటే కంగారుపడకండి. కిలోసైకిళ్ళన్నా కిలోహెర్ట్జ్ అన్నా ఒకటే. కాంతి వేగాన్ని ఈ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు వస్తుంది. కాంక్రీటు ఇల్లు ఇనుప ఊచలతో అల్లిన గూడు లాంటిది. ఊచల మధ్య సందు జానెడు, అల పొడవు 400 మీటర్ల పైన. కాబట్టి అపార్టుమెంటు నడిమి గదిలోకి ఆ అల బలహీనపడి వస్తుంది.

ఇక ఇంట్లో పుట్టే రొద ఉండనే ఉంది. ఎల్.ఇ.డి. బల్బులోనూ, సెల్‌ఫోన్ చార్జరులోనూ ఉండే సర్క్యూట్ విద్యుత్తును సెకనుకు వేలసార్లు ఆపుతూ, వదులుతూ ఉంటుంది. అందువల్ల పుట్టే చిన్న తరంగాలు మీడియం వేవ్‌లో బుసగా, గీపెట్టినట్టుగా వినిపిస్తాయి. రేడియోలు తయారైన కాలంలో ఇళ్ళలో ఈ రొద లేదు.

అందుచేత సెల్లులతో నడిచే రేడియోను డాబా మీదికి తీసుకుపోయి విని చూడండి. అక్కడ బాగా పలికితే రోగం రేడియోది కాదు, గదిది. అక్కడా మూలుగుతుంటే లోపల వెతకాలి.

అనునాదం, 455

రేడియోలో ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగచుట్ట ఒకటి ఉంటుంది. దానికి గ్యాంగ్ కండెన్సర్ జతపడుతుంది. ఈ రెండూ కలిసి ఒక పౌనఃపున్యానికి మాత్రమే బాగా స్పందిస్తాయి. ఉయ్యాలను దాని లయకు సరిపడా నెడితేనే ఎత్తుకు ఊగుతుంది కదా! దీన్నే అనునాదం అంటారు. మీరు డయలు తిప్పినప్పుడు కండెన్సర్ రేకులు ఒకదానిలోకొకటి దూరి, అనునాద పౌనఃపున్యం మారుతుంది.

వచ్చిన సంకేతం చాలా చిన్నది. దాన్ని ఎన్నో రెట్లు పెంచాలి. ప్రతి స్టేషనుకూ వేరువేరుగా పెంచే ఏర్పాటు చేయడం కష్టం. 1918లో అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. రేడియోలోనే ఒక చిన్న డోలకం పెట్టి, అది పుట్టించే కంపనాన్ని వచ్చే సంకేతంతో కలుపుతారు. ఆ రెంటి తేడాతో మూడో పౌనఃపున్యం పుడుతుంది. మన రేడియోల్లో ఈ తేడా సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. 738 కావాలంటే డోలకం 1193 దగ్గర కంపించాలి. 1193 నుంచి 738 తీసివేస్తే 455. ఏ స్టేషను పెట్టినా తేడా 455 గానే ఉంటుంది. అందువల్ల ఆ ఒక్క పౌనఃపున్యానికే శ్రుతి చేసిన రేకు డబ్బాల గుండా దాన్ని పంపి పెంచితే చాలు. వీటిని మెకానిక్కులు ఐ.ఎఫ్.టి.లు అంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. డయలు 530 నుంచి 1605 దాకా తిరిగితే తీగచుట్ట వైపు పౌనఃపున్యం మూడు రెట్లు పెరుగుతుంది. అదే సమయంలో డోలకం 985 నుంచి 2060 దాకా, అంటే రెండు రెట్లకు కొంచెం పైగా పెరగాలి. రెండింటినీ తిప్పే ఇరుసు ఒక్కటే. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి మూడడుగులు, ఇంకొకటి రెండడుగులు వేస్తూ కలిసి నడవాలన్నట్టు! అందుకే డయలు రెండు కొసల్లోనూ సర్దుబాటుకు మరలు పెట్టారు. ఈ సర్దుబాటునే అలైన్‌మెంట్ అంటారు.

ఒక ఇంటి రేడియో

మా బడిలో పదో తరగతి చదివే ఒక అబ్బాయిది దిల్‌సుఖ్‌నగర్. వాళ్ళ తాతయ్యకు చూపు మందగించింది. పేపరు చదవలేడు, వార్తలకు రేడియోయే ఆధారం. నాలుగు సెల్లుల పాత ట్రాన్సిస్టర్ రేడియో అది. డాబా మీద పెట్టినా గొంతు లేవలేదు. దానిని పాత సామాన్లలో వేసేద్దామని ఇంట్లో వాళ్ళన్నారు. అబ్బాయి ఒప్పుకోలేదు. ఎల్.బి. నగర్‌లో ఉన్న ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాం.

“ముందు ఆ మరలు తిప్పి చూద్దామా, తాతా?” అన్నాడు అబ్బాయి.

“ఆగు బిడ్డా. మరలు వాటంతట అవి తిరగవు. ముందు చెడిపోయేవేవో చూద్దాం” అన్నాడాయన.

మొదట సెల్లులు. విడిగా కొలిస్తే నాలుగూ కలిపి 6 వోల్టులు చూపాయి. రేడియో పలుకుతున్నప్పుడు కొలిస్తే ముల్లు బాగా కిందికి పడింది. సెల్లులు మంచివే, వాటిని తాకే స్ప్రింగు చిలుము పట్టింది. గరుకు కాగితంతో రుద్దగానే గొంతు కొంత లేచింది. సెల్లులను ఎప్పుడైనా రేడియో పలుకుతుండగానే కొలవాలని ఆ రోజు అబ్బాయి నేర్చుకున్నాడు.

తరవాత ఫెర్రైట్ కడ్డీ. కింద పడితే ఇది సుద్దముక్కలా విరుగుతుంది. ఇది విరగలేదు కాని, తీగచుట్ట కొస దగ్గర లోపం కనిపించింది. ఆ తీగ ఒంటి తీగ కాదు. వెంట్రుకల్లాంటి సన్నని పోగులు ఎన్నో కలిపి పేనింది. ఎక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తు లోహపు పైపొరలోనే ప్రవహిస్తుంది కాబట్టి, పోగులు ఎన్ని ఉంటే దారి అంత విశాలమవుతుంది. ఆ పోగుల్లో కొన్ని అతుకు దగ్గర తెగి ఉన్నాయి. ప్రతి పోగు మీది పూతనూ తీసి, అన్నిటినీ కలిపి అతికాక స్టేషన్లు పలకసాగాయి.

అయినా డయలు మీద స్టేషను దాని అంకె దగ్గర రాలేదు. పక్క స్టేషను కూడా కలిసి వినిపిస్తోంది. మెకానిక్కు ఐ.ఎఫ్.టి. తలలు చూపించాడు. కదలకుండా కంపెనీలో వేసిన మైనం ఒక డబ్బా మీద పగిలి ఉంది. లోగడ ఎవరో తిప్పారు! ఇప్పుడు మాత్రమే మరల వంతు వచ్చింది.

మరలు తిప్పే వరస

ఇనుప స్క్రూ డ్రైవరు పనికిరాదు. ఇనుము దగ్గరికి వస్తేనే తీగచుట్ట ప్రేరకత్వం మారిపోతుంది. అల్లికకు వాడే ప్లాస్టిక్ సూది కొసను అరగదీసి వాడాలి.

మొదట సిగ్నల్ జనరేటర్ నుంచి 455 ఇచ్చి, ఐ.ఎఫ్.టి.లను చివరి దానినుంచి మొదటి దానివైపు సర్దాలి. రెండోది డోలకం. డయలు కింది కొసలో, 600 దగ్గర, డోలకపు తీగచుట్ట మరను తిప్పాలి. పై కొసలో, 1500 దగ్గర, ట్రిమ్మర్‌ను తిప్పాలి. దీనితో స్టేషన్లు వాటి అంకెల దగ్గరికి వస్తాయి. మూడోది ఫెర్రైట్ కడ్డీ. 600 దగ్గర తీగచుట్టను కడ్డీ మీద అటూ ఇటూ జరపాలి. 1500 దగ్గర దాని ట్రిమ్మర్‌ను సర్దాలి. ఒక కొస సర్దితే రెండో కొస కొంచెం చెదురుతుంది. కనుక రెండు మూడు సార్లు తిరిగి చేయాలి.

ఇందులో ఒక కిటుకుంది. దగ్గరి స్టేషను పెట్టుకుని చెవితో సర్దితే మోసపోతాం. సంకేతం బలంగా ఉంటే రేడియో తనంతట తానే పెంపును తగ్గించుకుంటుంది. అందుచేత మర సరిగ్గా ఉన్నా, కొంచెం తప్పినా గొంతు ఒకేలా వినిపిస్తుంది. బలహీనమైన సంకేతంతోనే తేడా పైకి తెలుస్తుంది.

ఆ సాయంత్రం రేడియో దిల్‌సుఖ్‌నగర్ చేరింది. ఇప్పుడు దాని చోటు కిటికీ పక్కన. ఆ గదిలోని ఎల్.ఇ.డి. బల్బు వార్తలయ్యే దాకా ఆర్పి ఉంచుతున్నారట.

హెచ్చరిక: కరెంటుతో నడిచే పాత వాల్వు రేడియోలను విద్యార్థులు విప్పకూడదు. వాటిలో 200 వోల్టులకు పైగా ఉంటుంది. కొన్నిటిలో లోపలి ఇనుప చట్రానికే నేరుగా కరెంటు తగిలి ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మీరు చేసి చూడండి

సెల్లుల ట్రాన్సిస్టర్ రేడియోలో స్పష్టంగా పలికే మీడియం వేవ్ స్టేషను పెట్టి, రేడియోను బల్లమీద మెల్లగా చుట్టూ తిప్పండి. ఒకచోట గొంతు బాగా తగ్గిపోతుంది. అప్పుడు లోపలి ఫెర్రైట్ కడ్డీ కొస ప్రసారిణి వైపు చూస్తున్నదన్నమాట. అయితే రెండు కొసల్లో ఏది అన్నది ఇంకా తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా మీద ఇలా చేసి, పటం మీద కడ్డీ వెంట గీత గీయండి. మూడు, నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఎల్.బి. నగర్‌లో మళ్ళీ చేసి ఇంకో గీత గీయండి. రెండు గీతలు కలిసిన చోటే ప్రసారిణి.

ఆలోచించండి: విజయవాడ వంటి దూరపు కేంద్రానికి ఈ రెండు గీతలు ఎలా వస్తాయి? హైదరాబాదు ‘బి’ కేంద్రానికి కేటాయించిన 1377 కిలోహెర్ట్జ్ కావాలంటే డోలకం ఎంత దగ్గర కంపించాలి? 738, 1377 రెండూ 9తో నిశ్శేషంగా భాగింపబడతాయి. 1978 నవంబరు నుంచి మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఏర్పరచారు. మరి ఐ.ఎఫ్.టి. శ్రుతి తప్పితే పక్క స్టేషను ఎందుకు కలిసి వినిపిస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.