మూర్ఛ మందు – కడుపులో బిడ్డ

వరి చిరుపొట్ట మీద ఉండగా నీరందకపోతే తరవాత ఎన్ని నీళ్ళు పెట్టినా తాలు తాలే. ఈ సంగతి రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. పిండానికీ అలాంటి అదనుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి నెల తప్పి రెండు వారాలే! చాలామందికి అనుమానమైనా రాదు.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ ఈ మూసుకోవడాన్నే చెడగొట్టగలదు. గర్భిణి దాన్ని వాడితే పుట్టే 10 మందిలో సుమారు ఒకరికి అవయవలోపం. 30 నుంచి 40 శాతం మందికి మాటలోనో, నడకలోనో, చదువులోనో వెనుకబాటు రావచ్చు. మందు చెడ్డదనుకోకండి, ఫిట్స్‌ని బాగా ఆపుతుంది. భయపడి ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది. కనుక గర్భానికి ముందే డాక్టరు సలహాతో లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్ వంటివాటికి మారడం మేలు.

యూరప్‌లో 2018 నుంచి నియమాలు బిగించారు: పిల్లల్ని కనే వయసు స్త్రీకి ఇతర మందులు పనిచేయనప్పుడే, గర్భనిరోధం పాటిస్తూ, ఏటా స్పెషలిస్టు పరీక్షతో ఇవ్వాలి.

మన పల్లెల్లో సంబంధం చెడుతుందని ఫిట్స్ మాటే దాస్తారు. అత్తవారింట మాత్రలు పెట్టె అడుగున ఉంటాయి. పాత చీటీతోనే షాపులో కొంటారు. పిల్లకి పెళ్ళయిందన్న సంగతి ఆ చీటీ రాసిన డాక్టరుకు తెలియనే తెలియదు.