తొమ్మిది సొనల గుడ్డు, ఆరు గ్రాముల బలం

హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు రాజీవ్ రహదారి మీద వస్తుంటే ములుగు, వర్గల్ వైపు పొలాల మధ్య పొడవాటి కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడోది. పది గుడ్లలో మూడు తెలుగు నేల మీద పెట్టినవే.

రికార్డుల సంగతికొస్తే, 1956లో అమెరికాలోని న్యూజెర్సీలో ఓ వైట్ లెగ్‌హార్న్ పెట్ట 454 గ్రాముల గుడ్డు పెట్టింది. పెంకు మీద పెంకు, లోపల రెండు పచ్చసొనలు. 1971లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒకే గుడ్డులో తొమ్మిది పచ్చసొనలు కనిపించాయి. 1979లో మిసోరీలో ఇంకో లెగ్‌హార్న్ 364 రోజుల్లో 371 గుడ్లు పెట్టింది. మన ఫారాల్లో తెల్ల గుడ్లు పెట్టే కోళ్లదీ ఆ సంతతే.

నన్నడిగితే ఇంతకన్నా పెద్ద విశేషం మామూలు 50 గ్రాముల గుడ్డులోనే ఉంది. దాని ప్రోటీన్‌ను శరీరం ఎంత బాగా వాడుకుంటుందంటే, చాలాకాలం పోషకాహార శాస్త్రజ్ఞులు దానికి నూటికి నూరు మార్కులిచ్చి, మిగతా ఆహారాలను దానితో పోల్చి కొలిచారు. ఆ ప్రోటీన్ మొత్తం ఆరు గ్రాములకు పైనే. అందులో తెల్లసొనది మూడున్నర, పచ్చసొనది రెండున్నర దాటుతుంది. జిమ్‌కెళ్లే కుర్రాళ్లు పచ్చసొన తీసి పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎ, డి విటమిన్లు, ఇనుము, మెదడుకు కావలసిన కోలిన్ దాదాపుగా ఉన్నదంతా అందులోనే. డాక్టరు వద్దన్నవాళ్ల సంగతి వేరు. పచ్చి గుడ్డు పాలలో కొట్టుకుని తాగినా నష్టమే. 1998లో బెల్జియం పరిశోధకులు చూస్తే ఉడికిన గుడ్డు ప్రోటీన్ 91 శాతం జీర్ణమైంది, పచ్చిది 51 శాతమే.

చికెన్‌లో ప్రోటీన్‌కు పెద్దపీట బ్రెస్ట్‌దే, వంద గ్రాముల పచ్చి మాంసంలో 22 గ్రాములకు పైనే. మనం అడిగి మరీ వేయించుకునే లెగ్ పీసులో అది కాస్త తక్కువైనా ఇనుము, జింక్ ఎక్కువ. ఇనుములో అన్నిటికన్నా మేటి కార్జం. అయితే విటమిన్ ఎ మోతాదు ఎక్కువ కాబట్టి గర్భిణులు మితంగానే తినాలి.

వాళ్లకు రోజూ గుడ్డు మాత్రం తప్పనిసరి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద సిద్దిపేట జిల్లా అంగన్‌వాడీల్లోనూ గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు నెలకు 30 గుడ్లు ఇవ్వాలి. కేంద్రంలోనే కూర్చోబెట్టి తినిపించడం దాని పద్ధతి. ఇంటికి పంపితే తల్లి తన వంతు పిల్లల కంచంలో వేస్తుంది కదా. చివరి మూడు నెలల్లో గర్భిణికి రోజుకు మరో 22 గ్రాముల ప్రోటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. గుడ్డు ఆరు గ్రాములిస్తే, అదే పథకంలోని 200 మిల్లీలీటర్ల పాలు మరో ఆరిస్తాయి. మిగిలిన పది పప్పులోంచే రావాలి, కాబట్టి అక్కడ పప్పు పలచన కాకూడదు.