మూత్రంలో నెత్తురు ఆగిపోయినా పరీక్ష తప్పదు

ఒకరోజు మూత్రం ఎర్రగా వస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. రెండు రోజుల్లో దానంతటదే మామూలవుతుంది. వేడి చేసిందనుకుని నాలుగు గ్లాసుల మజ్జిగ తాగి ఆ సంగతి మరిచిపోతారు. ఢిల్లీ ఎండల్లో ఆ మాట నమ్మడం ఇంకా తేలిక. మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో మొదట కనిపించేది ఇలాగే. నెత్తురు ఆగినంత మాత్రాన కణితి పోయినట్టు కాదు.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.14 లక్షల మందిలో ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. లక్షణాలు లేనివారందరికీ ముందుగా చేయదగ్గ పరీక్ష ఏదీ దీనికి ఇంకా సిఫారసులో లేదు. కాబట్టి మొదటి ఆనవాలును రోగి పట్టించుకోవడం మీదే చాలా ఆధారపడి ఉంటుంది. స్త్రీలలో ఆలస్యం మరింత ఎక్కువ. నెత్తురు కనిపించగానే ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇవ్వడం, తగ్గకపోతే మరో కోర్సు రాయడం మామూలే. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదని తేలినా, మందు వాడాక నెత్తురు మళ్లీ పడినా యూరాలజిస్టును కలవాలి. సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీతో అసలు విషయం తెలుస్తుంది.

కారణాల్లో పొగాకుదే పెద్ద వాటా. బీడీ, సిగరెట్, హుక్కా ఏది తాగినా పొగలోని విషాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరతాయి. మూత్రపిండాలు వాటిని వడకడతాయి. ఆ మూత్రం గంటల తరబడి నిలిచేది మూత్రాశయంలోనే. పొగాకు మానాలనుకునేవారికి ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016 నుంచి జాతీయ క్విట్‌లైన్ నడుస్తోంది. నంబరు 1800-11-2356, కాల్ ఉచితం. రంగుల పరిశ్రమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ఇంకా పాతది. రంగుల కర్మాగారంలో పనిచేసేవారిలో ఈ కణితులను ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు.

మూడొంతుల మందిలో జబ్బు బయటపడేసరికి ఇంకా కండర పొరలోకి దిగి ఉండదు. వీరికి కణితిని మూత్రమార్గం గుండానే గీకి తీస్తారు. తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవారికి ఆ తర్వాత మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తారు. అవును, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే ఆ బీసీజీనే! వారానికోసారి, ఆరు వారాలు. బలహీనపరిచిన ఆ సూక్ష్మజీవులు అక్కడి రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి క్యాన్సర్ కణాల మీదికి పంపుతాయి. కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ 1976లో ఈ పద్ధతిని ప్రకటించాడు. ముదిరిన దశలో ఇచ్చే ఒక కీమోథెరపీ మిశ్రమంలో మెథోట్రెక్సేట్ ఉంటుంది. ఆ మందు వెనుక ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం.

అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. ఈ క్యాన్సర్ తిరగబెట్టే గుణం చాలా ఎక్కువ. ముప్పు ఎక్కువున్నవారు మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఆపైన ఏళ్ల తరబడి సిస్టోస్కోపీకి రావాలి. దూరప్రాంతాల నుంచి ఢిల్లీ వచ్చే కుటుంబానికి ప్రతి రాకా టికెట్లు, బస, పోగొట్టుకున్న కూలి. అందుకే ఒంట్లో బాగుందనుకున్న రోగి మధ్యలో మానేస్తాడు. హరియాణాలోని ఝజ్జర్‌లో ఎయిమ్స్ నడిపే జాతీయ క్యాన్సర్ సంస్థ ఆవరణలో 806 పడకల విశ్రామ సదన్ 2021 అక్టోబరులో తెరుచుకుంది. చికిత్సకో పరీక్షకో వెళ్లే క్యాన్సర్ రోగులకు రైలు ఛార్జీలో రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపాలి.

కండరంలోకి దిగిన జబ్బుకు కొందరిలో మూత్రాశయాన్నే తీసేయాల్సి వస్తుంది. అప్పుడు పేగు ముక్కతో కొత్త దారి కట్టి, పొట్ట మీద సంచి అమరుస్తారు. ఆ సంచిని మార్చడం, చుట్టూ చర్మం పుండు పడకుండా చూసుకోవడం నేర్పే నర్సు అవసరం సర్జన్ అవసరం కంటే ఎక్కువ కాలం ఉంటుంది. పెళ్లిళ్లకు, ప్రయాణాలకు వెళ్లడం మానేసేవారికి మరో రోగి మాట అందరికంటే బాగా పనిచేస్తుంది. జబ్బు ముదిరి ఆసుపత్రికి రాలేనివారి ఇళ్లకు క్యాన్‌సపోర్ట్ సంస్థ డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు ఢిల్లీ పరిసరాల్లో ఉచితంగా వెళ్తున్నారు. 1996లో దాన్ని స్థాపించిన హర్మలా గుప్తా స్వయంగా క్యాన్సర్‌ను దాటి వచ్చినవారు.