పసిపిల్లలున్న ఇంట కార్తిక వ్రతం

చాంద్రమానంలో ఏ మాసపు పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రానికి చేరువగా ఉంటాడో, ఆ నక్షత్రం పేరే ఆ మాసానికి ఏర్పడింది. కృత్తికల చెంత నిండుచంద్రుడు ప్రకాశించే మాసం కార్తికం. ఈ చుక్కల గుంపునే మన పల్లెలలో ‘పిల్లలకోడి’ అంటారు. పురాణాలలో కృత్తికలు ఆరుగురు తల్లులు. శరవణంలో వెలసిన కుమారస్వామికి స్తన్యమిచ్చి పెంచిన పుణ్యవతులు వారు. కార్తికేయుడన్న పేరు ఆయనకు వారివలననే కలిగింది.

పసిబిడ్డను సాకిన తల్లుల పేరు ధరించిన ఈ మాసాన్ని పసిపిల్లలున్న ఇంటివారు ఎలా ఆచరించాలి? ఈ ప్రశ్న నాకు గ్రంథాలు చదివినందువలన కలిగినది కాదు. నా పుట్టినిల్లు ఆళ్ళగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. ఏడేండ్ల కుమార్తె, నాలుగేండ్ల కుమారుడు ఉన్న గృహిణిని. రెండు కార్తికాల అనుభవం నేర్పిన విషయాన్ని, చిన్నపిల్లలతో యాత్రకు బయలుదేరే భక్తులకు ఉపకరిస్తుందన్న ఆశతో నివేదిస్తున్నాను.

ఎడతెరపి లేని మాసం

విశ్వావసు నామ సంవత్సరాన్నే తీసుకుందాం. 2025 అక్టోబరు 2న విజయదశమి, 20న దీపావళి. 22న కార్తికం ప్రవేశించింది. 25న నాగులచవితి, నవంబరు 2న క్షీరాబ్ధి ద్వాదశి, 5న పౌర్ణమి, 20న అమావాస్య, మరునాడు పోలి పాడ్యమి. నడుమ నాలుగు సోమవారాలు. దసరా సెలవులు ముగిసి బడులు తెరిచిన కొద్దిరోజులకే ఈ పర్వాలన్నీ వరుసగా వస్తాయి. తెల్లవారుజామున తలస్నానం, తులసికోట వద్ద దీపం, పిల్లలకు అన్నం పెట్టి బడికి పంపడం, సాయంకాలం మరల దీపం, పైగా జలుబు, దగ్గు, బడిలో పరీక్షలు. పొలమున్న ఇండ్లలో వరికోతలు, పత్తితీతలు కూడా ఈ రోజులలోనే.

ఇంత ఒత్తిడిలో వ్రతం పిల్లలకు భారమైనా ఆశ్చర్యం లేదు. మా ఇంట సరిగా అదే జరిగింది.

నవనందుల మ్రొక్కు

నంద్యాల చుట్టూ వెలసిన తొమ్మిది శివక్షేత్రాలను నవనందులని పిలుస్తాము. పట్టణంలోనే చామకాల్వ ఒడ్డున ప్రథమ నంది, ఆంజనేయస్వామి ఆలయంలో నాగ నంది, తూర్పు దిక్కున సోమ నంది ఉన్నాయి. మహానందికి పోయే మార్గంలో సూర్య నంది, బండి ఆత్మకూరు మండలంలో కడమలకాల్వ సమీపాన శివ నంది, మహానందికి ఇవతల విష్ణు నంది దర్శనమిస్తాయి. విష్ణు నందినే కృష్ణ నంది అని కూడా అంటారు. తుదకు నల్లమల పాదం చెంత గరుడ నంది, వినాయక నంది, మహానంది ఒకచోటనే ఉన్నాయి. కార్తికంలో, ముఖ్యంగా సోమవారంనాడు, సూర్యోదయం మొదలు సూర్యాస్తమయంలోగా ఈ తొమ్మిదింటినీ దర్శించడం ఇక్కడి ఆచారం.

మా కుమారుడు నెలలు నిండకముందే జన్మించాడు. వాణ్ణి కొన్నాళ్ళు ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంచారు. ఆ రోజులలో మా అత్తమ్మ మహానంది దిక్కుగా చేతులు జోడించి మ్రొక్కుకున్నది. బిడ్డ దక్కాడు. వానలు, పనులు, మా మామగారి అనారోగ్యం కారణంగా మ్రొక్కు మాత్రం ఏటికేడు వాయిదాపడింది. 2024 కార్తికంలో, మూడవ సోమవారం నవంబరు 18న, తెల్లవారకముందే పిల్లలిద్దరినీ లేపి బయలుదేరాము.

ప్రథమ నంది వద్ద పిల్లలు ఉత్సాహంగానే ఉన్నారు. సూర్య నంది చేరేసరికి ఆకలన్నారు. వరుసలు పొడవుగా ఉన్నాయి. “దర్శనమైనాక తిందురులే” అని సర్దిచెప్పాను. శివ నంది వద్ద అమ్మాయి మెట్టుపై కూర్చుని లేవనన్నది. విష్ణు నందికి చేరినప్పుడు మిట్టమధ్యాహ్నం దాటింది. కుమారుడు నా భుజంమీద వాలి ఉన్నాడు. మెడకు తగిలిన వాడి నుదురు కాలుతోంది.

“ఇంక మూడే కదమ్మా, మూడూ ఒక్కచోటనే” అన్నది అత్తమ్మ. ఆమె కంఠంలో కోపం లేదు, భయం ఉన్నది. మ్రొక్కు తీరకపోతే బిడ్డకేమవుతుందోనని ఆమెకు భయం. తీర్చబోతే ఏమవుతుందోనని నాకు భయం. నా భర్త ఇరువురి వైపు చూసి ఏమీ అనలేకపోయారు. బండిని ఇంటివైపు త్రిప్పమని నేనే అన్నాను. మహానంది నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండగా వెనుదిరిగాము.

రెండు రోజులకు జ్వరం తగ్గింది. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అయితే ఆ మాసంలో మిగిలిన రోజులన్నీ ఆమె దీపం వెలిగించి, కన్నులు తెరవకుండా చాలాసేపు నిలబడేది. ఏమి వేడుకుంటున్నదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సంకల్పంలోని ఒక మాట

మా పురోహితులు వృద్ధులు. పోలి పాడ్యమినాడు స్వయంపాకం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అత్తమ్మ తానే సంగతి చెప్పి, ప్రాయశ్చిత్తమేమిటని అడిగింది. ఆయన ముందుగా మరొక ప్రశ్న వేశారు. “అమ్మా, ఆనాడు మీరు స్వామితో పలికిన మాట ఏది? ఉన్నది ఉన్నట్లు చెప్పండి.”

అత్తమ్మ కొంతసేపు ఆలోచించి చెప్పింది: “స్వామీ, పిల్లోణ్ణి బతికించు, నీ తొమ్మిది నందుల కాడికీ ఎత్తుకొచ్చి చూపిస్తా అన్నాను.”

“ఒక్క దినంలోనే అన్నారా?”

అనలేదు. ఆ నియమాన్ని ఊరి ఆచారాన్ని చూసి మేమే చేర్చుకున్నాము. అత్తమ్మ కొంగుతో కన్నులు ఒత్తుకున్నది.

అప్పుడాయన వివరించినది ప్రతి గృహస్థుకూ అవసరమైన విషయం. పూజకు ముందు మనం చెప్పుకొనే సంకల్పంలో దేశం, కాలం, గోత్రం, పేరు చెప్పిన తరువాత ‘యథాశక్తి’ అన్న పదం వస్తుంది. శక్తి కొలది చేస్తానని దాని అర్థం. ఆ పదం సోమరితనానికి అనుమతి కాదు. ఉన్న శక్తిని దాచుకొని తక్కువ చేయడం లోపమే. అలాగే లేని శక్తిని ఉన్నదనుకొని దేహాన్ని బాధించడమూ ఆ మాటకు విరుద్ధమే. కుటుంబంతో చేసే వ్రతంలో శక్తి ఎవరిది? “బలవంతుడి నడకను బట్టి కాదు, మీలో అందరికంటె చిన్నవాడి నడకను బట్టి మీ ఇంటి శక్తిని లెక్కకట్టండి” అన్నారాయన.

ధర్మశాస్త్రాలు సైతం ఈ దృష్టినే చూపుతున్నాయి. ఏకాదశి ఉపవాసాన్ని ఎనిమిదేండ్లు దాటి, ఎనుబదేండ్లు నిండనివారికే విధించాయి. బాలురకు, వృద్ధులకు, రోగులకు సడలింపు ఉన్నది. మేము పిల్లలచేత ఉపవాసం చేయించాలని అనుకోలేదు. కాని “దర్శనమైనాక తిందురులే” అన్న నా మాట ఆనాడు వారిచేత ఉపవాసమే చేయించింది.

ఆళ్ళగడ్డలో కన్నులు తెరవని నంది

మరుసటి ఏడు దసరా సెలవులకు పిల్లలను ఆళ్ళగడ్డకు తీసుకువెళ్ళాను. శిలలను దేవతామూర్తులుగా మలచే శిల్పులకు ఆ ఊరు ప్రసిద్ధి. ఉలి చప్పుడు వింటూ పెరిగినదానిని నేను. ఒక శిల్పశాల ముందు సగం చెక్కిన నందిని చూసి మా వాడు నిలిచిపోయాడు. మూపురం, గంటల పట్టెడ అన్నీ కుదిరాయి, కన్నులు మాత్రం తీర్చలేదు. “దీనికి కండ్లు లేవేమి?” అని అడిగాడు. ప్రతిష్ఠ సమయంలో నేత్రోన్మీలనమనే క్రియతో మూర్తికి కన్నులు తెరిపిస్తారని, అప్పటివరకు ఓపికతో ఉండాలని శిల్పి చెప్పాడు. తొమ్మిది ఆలయాలు తిరిగేటప్పుడు మేము చెప్పినదేదీ తలకెక్కని పిల్లవాడు, ఆ రోజంతా నంది కన్నుల గురించే మాట్లాడాడు.

అక్కడినుండి అహోబిలం వెళ్ళాము. అక్కడ కూడా తొమ్మిది సన్నిధులే, నవనారసింహులు. అన్నింటినీ చూపాలన్న తొందర నాలో మరల తలెత్తింది. మా అమ్మ వారించింది: “నరసింహుడు ఎవరికోసం వచ్చినాడే? ఒక పిల్లోనికోసం గదా! పిల్లోళ్ళను ఏడిపించి చూస్తే ఆయన మెచ్చుతాడా?” దిగువ అహోబిలంలో కొలువైన స్వామికి ప్రహ్లాదవరదుడని పేరు. బాలునికి వరమిచ్చిన దేవుడన్న మాట. ఆయనను సేవించి, ఎగువ అహోబిలానికి పోయే దారి ప్రక్కనే ఉన్న కారంజ నరసింహుని దర్శించి, పిల్లలు అలసేలోగా తిరిగి వచ్చాము. భవనాశినిని దాటి రాళ్ళ దారిన ఎక్కవలసిన జ్వాలా నరసింహుని దర్శనం వారు పెద్దవారైనప్పటికి ఉంచుకున్నాము.

మూడు విడతల యాత్ర

2025 కార్తికంలో మ్రొక్కును మూడు భాగాలు చేసుకున్నాము. తొలి సోమవారం, అక్టోబరు 27 సాయంకాలం, పిల్లలు బడినుండి వచ్చి అన్నం తిన్న తరువాత పట్టణంలోని మూడు నందులు. మరునాటి రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ వానలకు మరుసటి విడతను నవంబరు 9 ఆదివారానికి జరిపి సూర్య, శివ, విష్ణు నందులను సేవించాము. సోమవారం కాలేదేయని అత్తమ్మకు కొంత వెలితి ఉండెను. కార్తికమంతా శివునిదేనని తానే సమాధానపడింది. ఆఖరి సోమవారం, నవంబరు 17న, మహానంది చేరి గరుడ, వినాయక నందులను సేవించాము.

మహానందీశ్వరుని ఆలయ ద్వారం వద్ద అత్తమ్మ మనుమణ్ణి చేతులు చాచి పిలిచింది. మోకాళ్ళ నొప్పులు గల మనిషి. “జేజీ, నేను నడుస్తాలే” అన్నాడు వాడు. “ఎత్తుకొస్తానని చెప్పినాను నాయనా” అని ఎత్తుకున్నది. పది అడుగులు వేసి దించింది. ఆ పది అడుగులతో అయిదేండ్ల నాటి మాట చెల్లింది.

యాత్రికులకు మనవి

పిల్లలతో వచ్చేవారు కొన్ని జాగ్రత్తలు గమనించగలరు. మహానంది కోనేటి నీరు నల్లమల ఊటనుండి వచ్చేది, అడుగున పడిన నాణెం కూడా కనబడేంత నిర్మలమైనది. ఆ నిర్మలత్వంలోనే ప్రమాదమున్నది. కాంతి వక్రీభవనం చేత నీటి అడుగు ఉన్నదానికంటె పైకి కనబడుతుంది. పెద్దలకు రొమ్ములోతు వచ్చే నీరు పిల్లలను ముంచుతుంది. కనుక చేయి విడువకూడదు.

పౌర్ణమినాడు మూడువందల అరువది అయిదు వత్తుల దీపం ఏడాదిలోని దినాలన్నిటికీ ప్రతీకగా వెలిగిస్తాము. అన్ని వత్తులు ఒక్కసారి అంటుకుంటే మంట జానెడెత్తు లేస్తుంది. పరికిణీలకు, పలుచని ఓణీలకు బదులు ఒంటికి పట్టి ఉండే నూలు దుస్తులు పిల్లలకు తొడగండి. చెంత ఒక చెంబెడు నీరుంచండి. పిల్లలచేత ఒంటివత్తి దీపం వెలిగింపజేసినా ఫలం తక్కువ కాదు.

వరుసలో నిలబడకముందే పిల్లలకు అన్నం పెట్టండి. ఒక యాత్రలో ఒక కథ మాత్రమే చెప్పండి; అది వారికి గుర్తుంటుంది. ఆపదలో మ్రొక్కినప్పుడు పలికిన మాటను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోండి. ఏండ్లు గడిచేకొద్దీ భయం ఆ మాటకు లేని నియమాలను చేరుస్తుంది. అలసిన బిడ్డతో వెనుదిరగవలసి వస్తే అపరాధమని కుమిలిపోకండి. మరొక దినాన తిరిగి రండి.

కార్తికంలో ప్రొద్దుగ్రుంకిన తరువాత పిల్లలతో మిద్దె ఎక్కి తూర్పు దిక్కున చూడండి. మబ్బు లేకుంటే పిల్లలకోడి కనబడుతుంది. ఆరుగురు తల్లులను లెక్కించమని వారితో చెప్పండి. మా పిల్లలు ప్రతి సాయంకాలం లెక్కించేవారు. దీపం పెట్టారా అని నన్ను గుర్తుచేసినవారూ వారే.