మెదడు కణాల్ని కాపాడే మందు: ఎలక సంగతి వేరు, మా బాబాయి సంగతి వేరు

ఈ ఎపిసోడ్ మా బాబాయి వల్ల వచ్చింది. ఆయనకి పార్కిన్సన్స్, నాలుగేళ్ళయింది. పోయిన నెల ఇంటికెళ్తే టేబుల్ మీద కొత్త స్ట్రిప్ ఒకటి కనబడింది. సెలెజిలిన్. డాక్టర్ రాసింది కాదు. ఎవరో ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపారట, ఈ మందు మెదడులో నార్‌అడ్రినలిన్ తయారుచేసే కణాలు విషానికి చచ్చిపోకుండా కాపాడుతుంది, పరిశోధనలో తేలింది అని. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేశారు. ఇంకా మింగలేదు. "ఒరేయ్, నువ్వు ఇవన్నీ చదువుతావు కదా, నిజమేనా?" అన్నాడు.

నిజమే. అక్కడే వచ్చింది చిక్కు. ఆ మెసేజ్‌లో అబద్ధం లేదు, కానీ అది ఎలకల గురించి.

ముందు ఆ కణాల సంగతి చూద్దాం. మెదడు అడుగున, వెన్నుపాముకి కాస్త పైన, లోకస్ సెరూలియస్ అని కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చిన్న భాగాలు ఉంటాయి. లాటిన్‌లో నీలం చోటు అని అర్థం. మొత్తం మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, ఇక్కడ ఉండేవి కొన్ని పదుల వేలే. కానీ వీటి తీగలు దాదాపు మెదడంతా పాకి ఉంటాయి. నిద్రలోంచి లేవడం, పక్కన ఫోన్ మోగితే టక్కున అటు తిరగడం, ఇలాంటి వాటన్నిటి వెనక ఇక్కడి నుంచి వెళ్ళే నార్‌అడ్రినలిన్ ఉంటుంది. పార్కిన్సన్స్‌లో డోపమైన్ కణాలు పోతాయని అందరూ చెప్తారు. ఈ నీలం చోటు కూడా బాగా దెబ్బతింటుందన్నది ఎక్కువమందికి తెలీదు.

ఇప్పుడు విషం ఎలా లోపలికెళ్తుందో చూడండి. పెళ్ళి భోజనాలు ఊహించుకోండి, స్టీలు గ్లాసుల కాలం నాటివి. వంటింట్లోంచి గ్లాసులు బయటికొస్తాయి, పని అయ్యాక ఒకాయన అన్నీ ఏరుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్తాడు, కడిగి మళ్ళీ వాడతారు. నార్‌అడ్రినలిన్ కణం కూడా అంతే. వదిలిన రసాయనాన్ని ఒక తలుపు గుండా వెనక్కి లాక్కుంటుంది. అమెరికాలో జూలియస్ ఆక్సెల్‌రాడ్ అనే సైంటిస్టు ఈ వెనక్కి లాక్కునే పద్ధతిని బయటపెట్టాడు, 1970లో నోబెల్ పంచుకున్నాడు.

అయితే అచ్చం గ్లాసులా కనిపించే బాంబు ఒకటి ఎవరైనా బల్ల మీద పెడితే? ఆ ఏరేవాడే దాన్ని వంటింట్లోకి మోసుకెళ్తాడు. 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషం చేసేది ఇదే. పోలిక వల్ల లోపలికి పోయి, అక్కడ ఆక్సీకరణ చెంది, కణాన్ని చంపేస్తుంది. 1968లో స్వీడన్‌లో ఉంగర్‌స్టెడ్ దీన్ని ఎలక మెదడులోకి ఎక్కించి, పార్కిన్సన్స్ లాంటి పరిస్థితి తెప్పించాడు. ఇబ్బంది ఏంటంటే ఇది డోపమైన్ కణాల్లోకీ పోతుంది, నార్‌అడ్రినలిన్ కణాల్లోకీ పోతుంది. ఒక్క డోపమైన్ కణాలే పోవాలంటే ఎలా?

అక్కడ డెసిప్రమైన్ వస్తుంది. ఇది డిప్రెషన్‌కి వాడే పాత మందు. నార్‌అడ్రినలిన్ కణం తలుపుకి అడ్డంగా మంచం వేసినట్టు పని చేస్తుంది. విషం ఇవ్వడానికి అరగంట ముందు ఈ మందు ఇస్తారు. విషం ఆ కణాల్లోకి పోలేదు, డోపమైన్ కణాలు మాత్రం చచ్చిపోతాయి. ల్యాబుల్లో ఇది ఇప్పటికీ రొటీన్‌గా చేసే పని.

డీఎస్‌పీ-4 అని ఇంకో విషం ఉంది, అది ప్రత్యేకంగా నీలం చోటు తీగల మీదే పడుతుంది. దానికీ ముందుగా డెసిప్రమైన్ ఇస్తే చాలు, తీగలు బతుకుతాయి. బాబాయి స్ట్రిప్‌లో ఉన్న సెలెజిలిన్ కూడా ఈ విషం నుంచే కాపాడింది. మావో-బీ అనే ఎంజైముని ఆపడం సెలెజిలిన్ అసలు పని కాబట్టి ఆ రక్షణ కూడా దానివల్లే అనుకున్నారు. కాదని 1990లో ఒక పేపర్ వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట పట్టుకోండి, "ముందు". ఏ విషమో తెలుసు, ఎప్పుడు ఇస్తారో తెలుసు, అరగంట ముందే మంచం అడ్డం వేశారు. బాంబు లోపలికి పోయాక మంచం వేస్తే ఏం లాభం? పార్కిన్సన్స్‌లో చేతులు వణికే టైమ్‌కే చాలా కణాలు పోయి ఉంటాయి. పైగా ఎక్కువమందిలో బయటి నుంచి వచ్చిన విషం అంటూ ఒకటి కనబడదు.

మరి మనుషుల్లో ట్రై చేయలేదా అంటే, చేశారు. 1982లో కాలిఫోర్నియాలో కొంతమంది కుర్రాళ్ళు కల్తీ డ్రగ్ ఎక్కించుకుని, ఉన్నట్టుండి ముసలివాళ్ళలా బిగుసుకుపోయారు. అందులో ఎంపీటీపీ అనే పదార్థం ఉందని లాంగ్‌స్టన్ అనే డాక్టర్ పట్టుకున్నారు. అది మెదడులో మావో-బీ వల్లే విషంగా మారుతుంది. సెలెజిలిన్ ముందుగా ఇస్తే జంతువుల్లో ఆ నష్టం జరగలేదు. దాంతో ఆశ పుట్టింది. అమెరికా, కెనడాల్లో 800 మంది పేషెంట్లతో డేటాటాప్ అనే పెద్ద ట్రయల్ పెట్టారు. సెలెజిలిన్ వేసుకున్నవాళ్ళకి లెవోడోపా అవసరం కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది. పేపర్ల నిండా సంబరం. తర్వాత తీరిగ్గా చూస్తే, ఆ మందు లక్షణాల్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టే ఆలస్యం అయి ఉండొచ్చు, కణాల్ని కాపాడిందని చెప్పలేం అని తేలింది. అదే ట్రయల్‌లో ఇచ్చిన విటమిన్-ఇ అయితే అసలు ఏమీ చేయలేదు.

సెలెజిలిన్ చెడ్డ మందని నేననట్లేదు. పార్కిన్సన్స్‌కి డాక్టర్లు రాస్తారు, పని చేస్తుంది కూడా. నాకు భయమేసింది వేరే దానికి. ఆ స్ట్రిప్ పక్కనే దగ్గు సిరప్ సీసా ఉంది. తిప్పి చూస్తే డెక్స్ట్రోమెథార్ఫాన్ అని ఉంది. ఆ రెండూ కలపకూడదు. నొప్పులకిచ్చే ట్రమడాల్‌తో కూడా కలపకూడదు, చాలా డిప్రెషన్ మందులతోనూ ప్రమాదమే. బీపీ, జ్వరం, కంగారు అన్నీ పెరిగిపోయి ప్రాణం మీదకి రావొచ్చు. ఆ ఫార్వర్డ్‌లో ఈ ముక్క లేదు.

ఇంకోటి అడిగాడు, "ఇది వేసుకుంటే పాత మాత్ర ఆపేయొచ్చా" అని. లెవోడోపా ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్ళు కొయ్యబారిపోయి ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళున్నారు.

మర్నాడు స్ట్రిప్, సీసా రెండూ కవర్లో వేసుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన సిరప్ మార్చారు, పాత మాత్ర టైమింగ్ సర్దారు, కొత్తది ఇప్పుడు వద్దన్నారు. ఆటోలో వస్తూ బాబాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అయితే ఆ ఎలక మాత్రం బాగానే ఉందన్నమాట."